విడుపు ముద్ద

మా వీధిలో అందరికంటే ముందు మా తాత ఆదిమూలం నిద్ర లేచేవాడు. చిత్తూరులో బెల్లం మండీల వెనక వీధి మాది. ఇంకా చుక్కలు కనిపిస్తుండగానే పెరట్లో బావి గిలక కిర్రుమనేది. వేపపుల్ల నమిలి పారేసి, నీళ్ళు తోడి, తోడినవి తోడినట్టే తల మీద కుమ్మరించుకునేవాడు. మార్గశిర మాసపు చలైనా, విడవని ముసురైనా అవే చన్నీళ్ళు. తర్వాత రాగిచెంబులో ముందురోజు పోసి ఉంచిన నీళ్ళు తాగి, తూర్పు ముఖంగా కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మేము లేచేసరికి విభూతి పెట్టుకుని మండీకి బయలుదేరి ఉండేవాడు.

తినేది పగటిపూట ఒకసారే. అది కూడా చప్పిడి తిండి. ఉప్పు, పులుపు, కారం, నూనె, తీపి ఏవీ ఉండవు. మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, పొట్లకాయో బీరకాయో ఉడకబెట్టిన ముక్కలు, వెన్న పూర్తిగా తీసేసిన మజ్జిగ. తిన్నాక వాకిట్లో అటూ ఇటూ నడిచి, ఎడమ పక్కకు తిరిగి కాసేపు ఒరిగేవాడు కానీ కన్ను మూసేవాడు కాదు. పొద్దు గూకాక గ్లాసుడు పలచటి మజ్జిగ. మళ్ళీ మరుసటి పగటి వరకు ఏమీ లేదు.

మండీలో ఆయన పని బెల్లం దిమ్మెలు పగలగొట్టి చూసి రకం తేల్చడం. మిగతావాళ్ళు తునక నోట్లో వేసుకుని చెప్పేవాళ్ళు. తాత వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి చెప్పేవాడు. కొన్నిసార్లు తప్పు చెప్పేవాడు కూడా. అప్పుడు మండీవాళ్ళు, "ఒక తునక నాలిక మీద పెట్టుకో అన్నా, నీ చప్పిడి దేవుడు ఈ పక్కకు సూడ్డంలేదులే" అని ఎగతాళి చేసేవాళ్ళు. తాత నవ్వి ఊరుకునేవాడు.

అవ్వ మునెమ్మకు మోకాళ్ళు పట్టేయడంతో నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. అప్పటి నుంచి తాతకు వండి వడ్డించే పని నాకు వచ్చింది. ఇంట్లో మిగతా అందరి వంట అమ్మ చూసుకునేది. తాతకు పొయ్యి వేరు, గిన్నెలు వేరు. ఒకసారి అమ్మ పొరపాటున తన పులుసు గరిటెను తాత గిన్నెలో పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే తాత లేచి పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాడు. చాలాసేపు నోరు పుక్కిలిస్తూనే ఉన్నాడు. తిరిగి వచ్చి ఎవరినీ ఒక్క మాట అనలేదు. స్తంభానికి ఆనుకుని కూర్చుని, మళ్ళీ మళ్ళీ కడుపు తడుముకున్నాడు. కోపం వచ్చిన మనిషి అట్లా తడుముకోడు.

అవ్వ మాత్రం ఈ తిండిని ఎప్పుడూ ఎత్తిపొడుస్తూనే ఉండేది.

"ఈ మనిషికి ఇన్నేండ్లు వండినా పాపా, ఒక్క దినం కూర బాగుండాదే అన్లేదు. అనడానికి అది కూరైతే గదా!"

ఎదురింట్లో పరుపుల అంగడి పెట్టుకున్న ఖాజా మొహిద్దీన్ తాతకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన ఇంకో మెట్టు ఎక్కేవాడు. "ఆదిమూలం భాయ్, నీ వంటింట్లోకి దొంగ దూరితే వాడే ఏడ్చి, వాడి ఇంటి నుంచి చారు తెచ్చి పెట్టి పోతాడు" అనేవాడు.

ఎగతాళి చేసినవాళ్ళే తాతను మెచ్చుకునేవాళ్ళు కూడా. అరవై దాటాక కూడా ఆయన నలభై ఏళ్ళ మనిషిలా ఉండేవాడట. బెల్లం గంప ఒంటిచేత్తో బండిలోకి ఎత్తేవాడట. పళ్ళు ఒక్కటి కదల్లేదు. వీధిలో ఎవరికి అరగకపోయినా, నిద్ర పట్టకపోయినా మా తిన్నె మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. తాత ఓపికగా చెప్పేవాడు: ఆకలైతేనే తినండి, కడుపులో కొంత చోటు ఖాళీగా వదలండి, తుమ్మునూ ఆవలింతనూ బలవంతాన ఆపవద్దు, పగలు నిద్రపోవద్దు, కోపంగా ఉన్నప్పుడు కంచం ముందు కూర్చోవద్దు. ఇవన్నీ మంచి మాటలే. విన్నవాళ్ళకు మేలే జరిగింది. కానీ తన పథ్యం సంగతి అడిగితే మాత్రం, "అది మీకు గాదు, అది నాది" అని మాట మార్చేవాడు.

ఆ పథ్యం కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. తాతకు నలభై నిండేనాటికి కడుపులో మంట మొదలైంది. తిన్నది నిలిచేది కాదు. ఆయన తమ్ముడు చిన్నబ్బకూ అదే జబ్బు. పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో మునివెంకటప్ప అనే ఆయుర్వేద వైద్యుడు ఉండేవాడు. అన్నదమ్ములిద్దరూ ఆయన దగ్గరికి పోయారు. పిత్తం పొంగిందని చెప్పి ఆయన మందు ఇచ్చి, చన్నీళ్ళ స్నానం, చప్పిడి తిండి, ఒంటిపూట భోజనం పెట్టాడు. "నేను ఇప్పేదాకా ఇది ఇడవొద్దు" అని ఇద్దరి చేతా మాట తీసుకున్నాడు. చిన్నబ్బ మధ్యలో ఒక పెళ్ళికి పోయి, ఆశ ఆపుకోలేక చేపల పులుసు తిన్నాడు. వారం తిరక్కుండానే రక్తం కక్కుకుని పోయాడు. తాత పథ్యం విడవలేదు, బతికాడు. పథ్యం విప్పే రోజు రాకముందే వైద్యుడు చనిపోయాడు. పెట్టినవాడే విప్పాలి కాబట్టి తాత దాన్ని అట్లాగే మోస్తున్నాడు. మాకు తెలిసింది ఇంతే.

డెబ్బై దాటిన తర్వాత తాత ఒళ్ళు మారడం మొదలైంది. మొదట చూసింది నేనే అనుకుంటాను, ఎందుకంటే రోజూ ఆయన ఎదురుగా కూర్చుని వడ్డించేది నేనే. చర్మం ఎండిన చెరువు మట్టిలా పగిలింది. కూర్చుని లేస్తే మోకాళ్ళు టపటపమనేవి. రెండు మూడు రోజులకు గానీ విరేచనం అయ్యేది కాదు. నిద్ర పోయింది. మజ్జిగ గ్లాసు ఎత్తితే అంచు పళ్ళకు తగిలి చప్పుడయ్యేది. చన్నీళ్ళు పోసుకుని వచ్చాక పెదవులు నల్లబడి, మాట రావడానికి చాలాసేపు పట్టేది.

మా నాయన ధనంజయ బతిమాలి ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఒంట్లో ఉప్పు తగ్గింది, రక్తం తగ్గింది, రెండు పూటలా తినాలి, చన్నీళ్ళు మానాలి అని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. తాత మర్యాదగా విన్నాడు. ఇంటికి వచ్చాక అన్నాడు.

"ఆయప్ప మంచోడే. కానీ ఈ పథ్యం ఆయప్ప పెట్టింది గాదు గదా, ఇడవమనేదానికి."

"నాయనా, పెట్టినాయన పోయి ముప్పై ఏండ్లు దాటె" అన్నాడు నాయన. "ఆయన పైనుంచి దిగొచ్చి ఇప్పుతాడా?"

"ఇప్పకపోతే నేను పోయినప్పుడే ఇది పోయేది. మీ చిన్నాయన ఎట్ల పోయినాడో నువ్వు సూడలే. నా ఒళ్ళోనే పోయినాడు."

అంతటితో ఆగి ఉంటే మాకు అంత భయం వేసేది కాదు. ఒళ్ళు క్షీణిస్తున్నకొద్దీ తాత దానికి కారణం తన పథ్యంలో ఎక్కడో జరిగిన లోపమే అనుకున్నాడు. మజ్జిగలో వెన్న నలుసు మిగులుతోందేమో అని సాయంత్రపు మజ్జిగ మానేశాడు. పొద్దున ఒక్కసారి చన్నీళ్ళు చాలవని సాయంత్రం కూడా పోసుకోవడం మొదలుపెట్టాడు. జబ్బు ముదిరేకొద్దీ దాన్ని పెంచుతున్నదాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాడు. మేము చూస్తూ ఉన్నాం. కంచంలో పెట్టింది సగం మిగిలిపోతుంటే ఎత్తి ఆవుకు పెట్టేదాన్ని.

ఒకరోజు ఖాజా మొహిద్దీన్ తాత ఇంట్లో లేని సమయం చూసి వచ్చాడు. అవ్వ తిన్నె మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నేను తలుపు పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను.

"మునెమ్మక్కా, ఆ వైద్యుడి కూతురు బతికే ఉండాది. సిద్ధమ్మ. మా ఇంటామెకు కీళ్ళ నొప్పులకు ఆయమ్మ దగ్గరే తైలం తెస్తా ఉండా. వాళ్ళ నాయన సెప్పినయ్యన్నీ ఆయమ్మకు నోటికొచ్చు. పోయి అడగండి. మావోడు మా కళ్ళ ముందరే ఎండిపోతా ఉంటే నాకు సూడబుద్ధి కాలేదు."

ఎగతాళి మాట ఒక్కటి కూడా లేకుండా ఆయన మాట్లాడటం నేను అంతవరకు వినలేదు.

మరుసటి రోజే నేనూ అవ్వా తాతకు చెప్పకుండా పూతలపట్టు బస్సు ఎక్కాము. బస్సు మెట్టు ఎక్కలేక అవ్వ కండక్టరును తిట్టింది, దిగలేక డ్రైవరును తిట్టింది. కూడలి నుంచి పల్లెకు ఒంటెద్దు బండిలో పోయాము. చెరుకు తోటల మధ్య దారి. సిద్ధమ్మ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. పెంకుటిల్లు, ముందు చిన్న తిన్నె, పక్కన చాపల మీద ఆరబోసిన ఉసిరికాయ ముక్కలు, కరక్కాయలు. యాభై దాటిన మనిషి. బొట్టు లేని నుదురు, బోసి చేతులు. రాతి కల్వంలో ఏదో మందు నూరుతూ మమ్మల్ని కూర్చోమంది.

అవ్వ తాత పేరు చెప్పింది. సిద్ధమ్మ చేయి ఆగింది.

"బెల్లం మండీ ఆదిమూలమా?"

"అవునమ్మా. నీకు తెలుసునా?"

"తెలియకేం. ఆయప్ప ఇంకా ఆ పథ్యంలోనే ఉండాడా?" సిద్ధమ్మ నూరే గుండు పక్కన పెట్టింది. "అది మండలం పథ్యమమ్మా, నలభై దినాలే. అంతకు మించి మా నాయన ఎవురికీ పెట్టేవాడు గాదు."

సిద్ధమ్మ నాకేసి తిరిగి చెప్పింది.

"ఇను పాపా. సిన్నప్పుడు ఒంట్లో కఫం జాస్తి, నడి ఈడులో పిత్తం జాస్తి, ముసలితనంలో వాతం జాస్తి. పైరుకు నాటినప్పుడు ఒక నీరు, పొట్టకొచ్చినప్పుడు ఒక నీరు, కోతకొచ్చినప్పుడు ఒక నీరు గదా? ఒళ్ళూ అంతే. నడి ఈడులో మీ తాత కడుపులో నిప్పు ఎగస్తా ఉంటే మా నాయన సల్లార్చినాడు. ఇప్పుడు ఆ పొయ్యిలో నిప్పే లేదు, ఆయప్ప ఇంకా నీళ్ళు పోస్తానే ఉండాడు. ఈ ఈడులో కావాల్సింది నువ్వుల నూనె, ఉడుకు నీళ్ళు, కొంచెం నెయ్యి, రెండు పూటలా ఇంత తిండి, కంటినిండా నిద్ర. ఆయప్ప సేసేది అంతా తిరగేసి సేస్తా ఉండాడు."

"మరి చిన్నబ్బ పులుసు తినే గదా పోయినాడు?" అంది అవ్వ.

"పులుసుకు గాదు. ఆ తమ్ముడి కడుపులో పుండు ముదిరినాదని, నిలవడని మా నాయన ముందే నాతో అన్నాడు. ఇంట్లో వాళ్ళకు సెప్పలేకపోయినాడు."

అప్పుడు అవ్వ మేము అడగడానికి వచ్చిన మాట అడిగింది. పథ్యం ముగిసిన రోజు వైద్యుడు రోగికి నువ్వుల నూనెతో తలంటు పోయించి, ఉప్పూ నెయ్యీ కలిపిన అన్నం ముద్ద తన చేత్తో నోట్లో పెడతాడు. దాన్ని విడుపు ముద్ద అంటారు. "మీ నాయన పెట్టాల్సిన ఇడుపు ముద్ద ఎవురూ పెట్టకపోయిరి. నువ్వొచ్చి పెట్టమ్మా" అని అవ్వ చేతులు పట్టుకుంది.

సిద్ధమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు.

"ఎవురూ పెట్టలేదని ఆయప్ప సెప్పినాడా? మా నాయన పోయేముందు పథ్యంలో ఉండే వాళ్ళందరినీ నాకు అప్పజెప్పిపోయినాడు. పదిహేను దినాలు పోనిచ్చి అందరికీ కబురు పెట్టినా. ఈ తిన్నె మీదే విస్తళ్ళు ఏసినా. మొదట వచ్చింది మీ ఆదిమూలమే. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. కంచం పట్టుకుని బయటికి వస్తా ఉంటే మీ ఆయప్ప నా నొసలు సూసినాడు. ముద్ద పెట్టేది నేనని తెలిసినాక లేచి సెప్పులేసుకున్నాడు. 'ఈ సేత్తో తింటే బతికినట్టే' అన్నాడు. నాకు ఇనపడేటట్టే అన్నాడు."

చెరుకు బండి ఒకటి ఇంటి ముందు నుంచి పోయింది.

"నేను రాను" అంది సిద్ధమ్మ. "ఆయప్ప వస్తే పెడతా. వాకిట్లోకొచ్చిన రోగిని పొమ్మనేది మా నాయన నాకు నేర్పలే."

"అది మామూలు అన్నమే గదా పెద్దమ్మా" అన్నాను నేను, ఎట్లా ధైర్యం వచ్చిందో. "మేము ఇంట్లో పెడితే పని జరగదా?"

"మీరు పెడితే తింటాడా?"

తాత పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసిన రోజు నాకు గుర్తొచ్చింది.

"మనసుకు సెప్పొచ్చు పాపా. ముప్పై ఏండ్లు భయపడిన కడుపుకు సెప్పలేం. దానికి ముద్దే కావాల."

తిరుగు బస్సులో అవ్వ ఎవరినీ తిట్టలేదు. ఇంటికి చేరేసరికి తాత తిన్నె మీద ఉన్నాడు. అవ్వ ఆయన ఎదురుగా కూర్చుని, ఎక్కడికి పోయి వచ్చామో, ఏమి విన్నామో అంతా చెప్పింది. తాత ముఖం మొదట కోపంతో బిగుసుకుంది.

"మిమ్మల్ని ఎవురు పొమ్మన్నారు ఆడికి?"

"ఎవురూ పొమ్మన్లేదు. నిన్ను పాడె మీద ఎక్కించేదానికి ముందు ఒక మాట అడుగుదామని పోయినా. ఇన్నేండ్లూ ఎవురూ ఇప్పలేదు, ఎవురూ ఇప్పలేదని మాకు సెప్పుకుంటా వచ్చినావే! నువ్వు కాదని వచ్చినావని ఒక్కసారన్నా సెప్పినావా?"

"ఆ పొద్దు చిన్నబ్బ పోయి నెల గూడా కాలేదు" అన్నాడు తాత. లేచి పెరట్లోకి పోయి, పొద్దు వాలకముందే బావిలో చేద వేశాడు.

తర్వాతి రోజుల్లో అవ్వ ఆయనతో మాట్లాడలేదు. నాయన బతిమాలాడు, కేకలు వేశాడు, చివరికి ఏడ్చాడు. "ఆ జబ్బు మళ్ళా వస్తే ఎట్ల రా ధనంజయా" అని మాత్రం అన్నాడు తాత. చిన్నబ్బ పులుసుకు పోలేదన్న మాట ఆయన చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు. సిద్ధమ్మ చెప్పింది నిజమే అనిపించింది. తెలుసుకోవడం వేరు, మింగడం వేరు.

వారం తిరిగేసరికి ఒక పొద్దున గిలక కిర్రుమన్న చప్పుడు సగంలో ఆగిపోయింది. పెద్ద శబ్దంతో చేద బావిలో పడింది. నేను పరిగెత్తాను. తాత బావి చప్టా మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. లేపబోతే ఆ ఒళ్ళు నా చేతుల్లో ఎంత తేలిగ్గా ఉందో చూసి నాకే భయం వేసింది. ఎముకలకు తడి గుడ్డ చుట్టినట్టు ఉంది. నాయనా అమ్మా వచ్చారు. మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి కంబళి కప్పాము. పళ్ళు టకటకమంటున్నాయి. అవ్వ కుంటుకుంటూ వచ్చి ఆయన పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"సచ్చిపోదామనుకుంటే నాకు ఒక మాట సెప్పి సావు. వంట సేసి పెట్టుకుని ఎదురు సూడకుండా ఉంటా."

తాత పాదాలు రుద్దుతున్న అవ్వ చేతిని పట్టుకుని ఆపాడు. తర్వాత నాయనను పిలిచాడు.

"ఆయమ్మ దగ్గరికి పోదాం."

ఖాజా మొహిద్దీన్ తన పరుపుల బండి ఇచ్చాడు. అందులో ఒక మెత్తటి పరుపు పరిచి, "ఊరికే ఇస్తా ఉండాననుకోకు, నువ్వు తిరిగొచ్చి మా ఇంట్లో బిర్యానీ తినాల" అన్నాడు. తాత నవ్వలేదు. మొహిద్దీన్ కూడా నవ్వడానికి ప్రయత్నించి మానుకున్నాడు.

సిద్ధమ్మ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. తాతను నాయన చేతులతో ఎత్తి తిన్నె మీద కూర్చోబెట్టాడు. సిద్ధమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి నాయన చేతికి ఇచ్చింది. తల మీద, చెవుల వెనక, అరికాళ్ళలో ఎట్లా రుద్దాలో దూరం నుంచి చెప్పింది. పగిలిన చర్మంలోకి నూనె ఇంకిపోతుంటే నాయన మళ్ళీ మళ్ళీ పోశాడు. ఉడుకు నీళ్ళు తాత భుజం మీద పడ్డప్పుడు ఆయన ఒక్కసారి ఉలిక్కిపడి, ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఆ ఒంటికి వేడి తగిలింది.

సిద్ధమ్మ చిన్న కంచంలో మెత్తటి అన్నం, నెయ్యి, చిటికెడు ఉప్పు తెచ్చింది. తాత ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె ముఖంలోకి చూడలేక కంచాన్నే చూస్తున్నాడు.

"సిద్ధమ్మా, ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టాడు.

"ముద్ద పెట్టేటప్పుడు మాట్లాడొద్దు. పొలమారతాది" అందామె. "నోరు తెరువు."

తాత నోరు తెరిచాడు. ఆమె ముద్ద పెట్టింది. ఆయన నమల్లేదు, మింగలేదు. బుగ్గలో ముద్ద పెట్టుకుని ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఉప్పు తగిలి నాలుక మండిందో, భయమో మాకు తెలియలేదు. ఆ రోజు పెరట్లోకి పరిగెత్తినట్టే ఇప్పుడూ లేస్తాడని నేను రెండడుగులు ముందుకు వేశాను. సిద్ధమ్మ చెయ్యి కంచం మీద అట్లాగే ఆగి ఉంది. ఆమె తొందర పెట్టలేదు. చివరికి తాత గొంతు కదిలింది.

ఇంకో రెండు ముద్దలు పెట్టి ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. అవ్వ చీరా తాంబూలం ముందుకు పెట్టింది. సిద్ధమ్మ వాటిని ముట్టుకోలేదు. అప్పుడు తాత వైపు చూసి మాట్లాడింది.

"ఆ పొద్దు నీ ఎనకాల ఎంతమంది లేచి పోయినారో నీకు తెలీదు. మండీ పెద్దమనిషే వద్దని పోయినాడని అందరూ పోయినారు. విస్తళ్ళు ఏసినవి ఏసినట్టే ఉన్నాయి. ఒకడు పథ్యం తనంతట తానే ఇడిచి కడుపు పాడు సేసుకున్నాడు. ఇంకో ముసిలాయన నీ మాదిరే మోసి మోసి పోయినాడు. జనం మళ్ళా నా వాకిలి తొక్కేదానికి పదేండ్లు పట్టినాది. నీకు ముద్ద పెట్టింది మా నాయన మాట కోసరం. అంతే."

తాత తల ఎత్తలేదు. అంతవరకు ఆయన ముందు ఆ మాటలు ఎవరూ అనలేదు. ఆయన కూడా అట్లాంటిది ఒకటి జరిగి ఉంటుందని అనుకోలేదు.

మేము బయలుదేరుతుంటే సిద్ధమ్మ నన్ను పక్కకు పిలిచి, ఎట్లా చూసుకోవాలో చెప్పింది. మొదట పలచటి గంజి, ఉప్పు కొంచెం కొంచెంగా, రోజూ నూనె, ఉడుకు నీళ్ళు, పొద్దు గూకక ముందే రెండో తిండి. "అలవాటు తప్పిన కడుపు గదా, రెండు మూడు దినాలకు మంట లేస్తాది. అది పాత జబ్బు గాదు. భయపడి ఆపొద్దు" అంది. "పోయిన బలం అంతా తిరిగొస్తాదని ఆశ పెట్టుకోవద్దు. ఉండేదాన్ని నిలుపుకోండి."

ఆమె చెప్పినట్టే జరిగింది. మొదటి రోజు సాయంత్రం తాత గంజి తాగాడు. రెండో రోజు కూడా తాగాడు, కొంచెం నిద్రపోయాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన ముఖం పాలిపోయింది. చెయ్యి కడుపు మీద పెట్టుకుని, "వచ్చె, పాత మంట వచ్చె" అన్నాడు. సిద్ధమ్మ మాట నేను చెప్పాను. అవ్వ చెప్పింది. ఆయన వినలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం పొద్దు గూకక ముందే కంచంలో అన్నం, పెసరపప్పు, కొంచెం నెయ్యి వడ్డించి మంచం దగ్గర పీట వేశాను. తాత లేచి కూర్చుని, కంచం చూసి, దాన్ని చేత్తో దూరంగా నెట్టాడు. నాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇక తాత తినకపోతే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు, ఆయనతో సహా.

"మళ్ళా బండి కట్టమంటావా?" అంది అవ్వ. "మళ్ళా పోయి ఆయమ్మ సేత్తోనే పెట్టించాల్నా?"

తాత కంచం వైపు చూశాడు. కడుపు మీది చెయ్యి తీయలేదు.

"వద్దు" అన్నాడు. "ఆ సేతిని కాదని ఒకసారి లేచి వచ్చినా. సాలు."

మంట తగ్గలేదు. అది ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది. రెండో చేత్తో కంచాన్ని తన వైపు లాక్కున్నాడు.